తలుపుకి ఆనించిన చీపురు

6 అక్టోబర్ 1987, మంగళవారం

ఇది రాయకుండానే ఊరుకునేవాణ్ణి. పెన్సిలు చెక్కాను, చెక్కిన పెన్సిలు మళ్ళీ సొరుగులో పడేశాను, పొయ్యి దగ్గర కాసేపు కూర్చున్నాను, ఆఖరికి లేచి తీశాను. డెబ్బై ఒక్కేళ్ళు నోటితో బతికినవాడికి కాగితంతో పనేమిటి? ఈ పుస్తకం కూడా నాది కాదు, ముస్తికిది. మా ఆఖరి ఆవు. మొదటి పద్దెనిమిది పేజీల నిండా అది ఏ పూట ఎన్ని పాలిచ్చిందో ఉంది. మంచి ఆవే గాని ఆదివారాలు తన్నేది. ఆదివారాలే ఎందుకో నేను చాలా ఆలోచించాను, విశ్రాంతి దినమైన సబ్బాతు గురించి దానికేమైనా తెలుసా అని కూడా అనుమానించాను. ప్రార్థనా మందిరానికి వేళయిపోతోందని చన్నీళ్ళ చేతులతో పితికేవాణ్ణి, అందుకని ఆయ్లి తేల్చేసింది. నలభై ఆరేళ్ళ కాపురంలో నా ప్రతి రహస్యాన్నీ ఆవిడ ఇలాగే పాడుచేసింది.

అసలు విషయం. నిన్న ఔలు పట్నంలో పెద్ద డాక్టరు చెప్పాడు, నవంబరు మూడున గొంతు కోస్తారట. లోపల మాట పుట్టే చోటుని మొత్తం తీసేస్తారు. ఊపిరి మెడలో బెజ్జం గుండా పోతుంది.

"మరి మాట?" అన్నాను.

"మాట ఉండదండీ. ప్రాణం ఉంటుంది," అన్నాడు.

విజ్ఞాన సర్వస్వం నాలుగు సంపుటాలు కొని, ఐదోది కొనకుండా ఆగిపోయిన చదువు నాది. అదృష్టవశాత్తు గొంతు నాలుగో సంపుటంలోనే దొరికింది. బొమ్మలు కూడా ఉన్నాయి. చూడకుండా ఉండాల్సింది.

ఇంకా ఇరవై ఎనిమిది రోజులు. మా అన్న సంతేరికి ఒక్క మాట చెప్పాలి. ఒక్క మాటకి ఇరవై ఎనిమిది రోజులు బోలెడు.

7 అక్టోబర్

రేపు వెళ్తాను.

8 అక్టోబర్

వాన. ఈ గొంతుతో తడవకూడదు.

11 అక్టోబర్, ఆదివారం

వెళ్ళాను. అన్న ఇల్లు పొలానికి అవతలి గట్టున ఉంది, మా వంటింటి కిటికీలోంచి అతని పొగగొట్టం కనిపిస్తుంది. నడిస్తే ఏడు నిమిషాలు. ఇవాళ నలభై పట్టింది.

మా విశ్వాసుల్లో పలకరింపులు రెండు. నమ్మినవాడికి 'దేవుని సమాధానం', బయటివాడికి 'నమస్కారం'. తలుపు తెరిచిన క్షణంలో ఎదుటివాడు గీతకి ఎటువైపున్నాడో తేలిపోవాలి. ఒకసారి కొత్త పోస్టుమాన్ విషయంలో తడబడి రెండూ కలిపి అనేశాను. ఆ మనిషి మూడు వారాలు మా ఉత్తరాలు గేటు మీదుగా విసిరి పోయాడు. 1976 మార్చి నుంచీ నేను సొంత అన్నకి 'నమస్కారం' చెబుతున్నాను.

సంతేరి పడవ కొట్టంలో వల అల్లుతున్నాడు.

"నమస్కారం," అన్నాను.

"ఊఁ, నమస్కారం. గొంతేంట్రా, కాకిని మింగావా?"

"కోస్తారట. మూడో తారీఖున."

"ఎంత కోస్తారు?"

"మొత్తం."

సూదిలో దారం మూడుసార్లు తిప్పాడు. "అయితే ఈ ఊళ్ళో ఇంక మాట్లాడేదెవరు?" అన్నాడు.

నోరు తెరిచాను. అప్పుడే అవతలివాడు వచ్చాడు. సాతాను పేరు మా నాన్న ఎత్తేవాడు కాదు, అవతలివాడు అనేవాడు. చిన్నప్పుడు వాడికి కొమ్ములుంటాయనుకునేవాణ్ణి. వాడు మా సంఘ కార్యదర్శిలా వస్తాడు, కళ్ళజోడు తుడుచుకుంటూ, మర్యాదగా. 'ఇప్పుడా? మనిషి పనిలో ఉన్నాడు. ఇలాంటి మాటకి వేళ చూసుకోవాలి.' నిజమే అనిపించింది. దాంతో నదిలో చేపల రాకడ గురించి ఒక గంట మాట్లాడాను. తర్వాత తెప్ప విరిగి పోస్టాఫీసు గడియారం నది పాలైన కథ చెప్పాను. ఆ తెప్ప మీద సంతేరి కూడా ఉన్నాడు, కథ వందసార్లు విన్నాడు. అయినా నవ్వాల్సిన చోట నవ్వాడు.

"నమస్కారం," అని ఇంటికి వచ్చాను.

13 అక్టోబర్

ఒకసారి వరసగా రాసి చూసుకుంటాను, మనసు తేటపడుతుంది.

వదిన సైమి ఏడాదిన్నర మంచం మీద ఉంది. పక్క నుంచి చూస్తే ఆవిడకి కొట్టం గోడ తప్ప ఇంకేమీ కనబడదు. అందుకని సంతేరి టీవీ కొన్నాడు. ఆ రోజుల్లో మా వాళ్ళకి టీవీ అంటే అవతలివాడు ఇంట్లోకి తొంగిచూసే కిటికీ. సంఘ కమిటీ కూర్చుంది. మేం ఏడుగురం. ఆ ఇంట్లో టీవీని కళ్ళారా చూసినవాళ్ళున్నారా అని అడిగారు. చూశాను అన్నాను. అది అబద్ధం కాదు.

సంతేరి పశ్చాత్తాపం చెప్పనన్నాడు. వాళ్ళ పాపాలు కట్టేశారు, భార్యవీ భర్తవీ. అంటే ఇంక ఏ విశ్వాసీ వాళ్ళకి క్షమాపణ వాక్యం పలకడు, దేవుని సమాధానం చెప్పడు. ఇప్పుడు సగం విశ్వాసుల ఇళ్ళల్లో టీవీ ఉంది, అలమారలో, తలుపులు మూసి. కట్టినవి మాత్రం ఎవరూ విప్పలేదు. విప్పితే కట్టడం తప్పని ఒప్పుకోవాలి గదా.

కమిటీ నిర్ణయం అది. నేనొక్కణ్ణి కాదు. నేను చెప్పింది అబద్ధం కాదు.

18 అక్టోబర్, ఆదివారం

గొంతు పోకముందు ఒకసారి మాట్లాడమన్నారు మందిరంలో. మాట్లాడాను. ఈ బొంగురు గొంతుతోనే ఇరవై నిమిషాలు. సహోదరుణ్ణి క్షమించనివాడి గురించి చెప్పాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తగ్గాలో నాకు తెలుసు, ఊరికే వచ్చిందా ఇన్నేళ్ళ ప్రసంగాల అనుభవం. ఆడవాళ్ళు ముక్కులు చీదారు.

అయ్యాక తొమ్మిది మంది వచ్చారు నా దగ్గరికి. ఒక్కొక్కరూ మెడ చుట్టూ చెయ్యి వేసి క్షమాపణ పలకమని అడిగారు. "యేసు నామంలో, ఆయన రక్తంలో నీ పాపాలన్నీ క్షమించబడ్డాయి, నమ్ము," అని ఒక్కొక్కరికీ పలికాను. తేలికపడి వెళ్ళారు. నా చేతుల మీదుగానే పారాయి ఆ క్షమాపణ నీళ్ళన్నీ. నా నోట్లో చుక్క పడలేదు.

వెనక బెంచీలో అవతలివాడు అందరికంటే ఎక్కువ ఏడ్చాడు.

19 అక్టోబర్

రేపు.

20 అక్టోబర్

అబద్ధం కాదు.

22 అక్టోబర్

బంగాళాదుంపలు ఒలుస్తూ ఆయ్లి అడిగింది.

"మీ అన్నయ్య దగ్గరికి వెళ్ళారుగా ఆ రోజు. ఏం మాట్లాడారు?"

"చేపల గురించి."

"పాపం, చేపలకి మీ గొంతు గురించి బెంగగా ఉందా?"

నేను రాలిన తొక్కలు ఏరి బుట్టలో వేశాను.

"నోరు రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి."

"క్షమాపణ నోటితో అడగాలి. చెవితో వినాలి. కాగితానికి ఎవరు పలుకుతారు జవాబు?"

"అయితే నోరుండగా అడగండి," అంది. కత్తి మొనతో దుంప కన్ను తీసిపడేసింది.

ఆవిడకి ఎంత తెలుసో నేను ఎప్పుడూ అడగలేదు.

26 అక్టోబర్, సోమవారం

మా బోధకుడు విల్యామి దగ్గరికి వెళ్ళాను. అన్నకి చెప్పే ధైర్యం లేకపోతే ఇంకొక విశ్వాసికైనా చెప్పుకోవచ్చు గదా. ఈ ఉపాయం ఎవరిచ్చారో ఇప్పుడు తెలుస్తోంది.

"విల్యామీ, సంతేరి విషయంలో..." అన్నాను.

"సహోదరుడా, అది మీ భుజాల మీద వేసుకోకండి. సంఘం అంతా కలిసి చేసింది."

"అది కాదు, నేను ఆ రోజు..."

"ఆపరేషను ముందు అందరికీ ఇలాగే ఉంటుంది. శత్రువు పాతవన్నీ తవ్వుతాడు. నీ పాపాలన్నీ క్షమించబడ్డాయి, నమ్ము," అని వీపు మీద చెయ్యి వేసేశాడు. గాయం ఎక్కడుందో చూడకుండానే కట్టు కట్టేశాడు. కాఫీ పోశాడు. తీపి రొట్టె తిన్నాను.

నమ్మాలని చూశాను. దారంతా నమ్ముతూ వచ్చాను. గేటు దగ్గరికి వచ్చేసరికి అయిపోయింది.

29 అక్టోబర్

సంతేరి గేటు దాకా. వెనక్కి.

'అతను క్షమించనంటే?' అన్నాడు అవతలివాడు. 'ఇప్పుడు కనీసం తెలియదు. తెలిశాక, మాట కూడా లేని మనిషివి, ఎక్కడికి పోతావు?'

31 అక్టోబర్

ప్రార్థన చేద్దామంటే మాటలు వస్తున్నాయి, నేను రావడం లేదు. మోకాళ్ళ మీద ఉండగానే వాక్యాల అందం చూసుకుంటున్నాను. 'ప్రభువా, ఈ మంటి పాత్రను' అన్నాను, బాగుందనుకున్నాను. ఇంతకంటే దిగజారడానికి చోటుందా?

గొంతు గుసగుస అయిపోయింది.

2 నవంబర్, సోమవారం, బస్సులో

ఒంటిగంట బస్సు. ఆయ్లి పక్కన నిద్రపోతోంది. అక్షరాలు ఎగురుతున్నాయి, బస్సు వల్ల.

పొద్దున్నే వెళ్ళాను. దారిలో ఎక్కడా ఆగలేదు. అవతలివాడు ఏదో అంటూనే ఉన్నాడు, నేను పాట పాడుకుంటూ నడిచాను, దాన్ని పాట అనగలిగితే. మెట్లెక్కాను.

తలుపుకి చీపురు ఆనించి ఉంది.

మా వైపు ఎవరూ తాళం వెయ్యరు. బయటికి పోయేటప్పుడు చీపురు కర్రని తలుపుకి అడ్డంగా ఆనించి పోతారు. ఇంట్లో ఎవరూ లేరని అర్థం. ఆ చీపురుని దాటి దొంగ కూడా రాడు. సంతేరి వలలు చూసుకోవడానికి పోయాడన్నమాట, సాయంత్రం దాకా రాడు. నాకు బస్సు ఉంది.

నవ్వొచ్చింది మొదట. ఇరవై ఏడు రోజులు నేను తప్పించుకున్నాను, ఇరవై ఎనిమిదో రోజు అతను లేడు. తర్వాత నుదురు తలుపుకి ఆనించాను. చీపురు చెవికి గుచ్చుకుంటోంది. గొంతు ఇంకా ఒక్క పూట ఉంది, దాచుకుని ఏం చేసుకోను? చీపురుకే చెప్పాను.

అన్నా, చూశాను అన్నాను గాని, కూర్చుని చూశానని అనలేదు. రోగిని పలకరించి వస్తానని మందిరం నుంచి ముందే లేచి, నాలుగు ఆదివారాలు వరసగా మీ ఇంటికి వచ్చాను. వదిన మంచం పక్కన ఎర్ర కుర్చీలో. స్కీ పోటీలు. ఆఖరి అంచెలో మన కుర్రాడు ముందుకొస్తే లేచి అరిచాను, కాఫీ దుప్పటి మీద పోసుకున్నాను, వదిన నవ్వి నవ్వి దగ్గింది. ఆ శుక్రవారమే కమిటీలో చెయ్యెత్తాను. నువ్వు నా వైపు చూశావు. ఒక్క మాట చాలు నీకు, 'వీడూ చూశాడు' అంటే చాలు. అనలేదు. తమ్ముణ్ణని ఊరుకున్నావు. పధ్నాలుగు రోజులకి వదిన పోయింది. పాపాలు కట్టిన ఇల్లని శవపెట్టె దగ్గర పాడడానికి ఎవరూ రాలేదు. నువ్వు ఒక్కడివే పాడావు. పొలం మీంచి వినిపించింది. నేను కొట్టంలో ముస్తికి పక్కన కూర్చుని విన్నాను. మూడు చరణాలు పాడావు. నాలుగోది పాడలేకపోయావు.

క్షమించమని అడిగాను. మూడుసార్లు. మూడోసారి శబ్దం రాలేదు.

తర్వాత చీపురు పడిపోతే మళ్ళీ నిలబెట్టి వచ్చాను.

3 నవంబర్

పొద్దున ఏడు. ఆయ్లితో ఆఖరి మాట ఏదైనా మంచిది అందామనుకున్నాను. "కొట్టం గడియ వేశావా?" అన్నాను.

"వేశాను," అంది. ఆ కొట్టంలో ఆవు లేక మూడేళ్ళయింది.

14 నవంబర్

దగ్గితే మెడ బెజ్జం దగ్గర చొక్కా కదులుతుంది.

27 నవంబర్

ఇల్లు. పలక, సుద్దముక్క ఇచ్చారు. మాట్లాడే యంత్రమేదో ఉందట, వసంతంలో చూద్దామన్నారు. జనం వస్తున్నారు, దేవుని సమాధానం అంటున్నారు, తల ఊపుతున్నాను. కాసేపు కూర్చుని, గడియారం చూసి, పోతున్నారు. క్షమాపణ పలకమని ఎవరూ అడగరు. మూగవాడు ఏం పలుకుతాడు?

సంతేరి పొగగొట్టంలో పొగ వస్తోంది. అతను రాలేదు.

1 డిసెంబర్

అవతలివాడు రోజంతా ఉంటున్నాడు. వాడి గొంతు బాగుంది. 'చెప్పాల్సినవాడికి చెప్పలేదు. చీపురుకి చెప్పావు. చీపురు నిన్ను క్షమించిందా?' పలక మీద రాసి ఇద్దామని రెండుసార్లు రాశాను. 'అన్నా' దగ్గర ఆగిపోయి తుడిచేశాను. నోరు ఉండగా అడగలేనివాడికి సుద్దముక్క వల్ల ఏమవుతుంది?

5 డిసెంబర్

నది మీద మంచు ఎంత గట్టిపడిందో చూద్దామని వెళ్ళాను. చూడాల్సిన పనేమీ లేదు. వలలు లేవు నాకు. చాలాసేపు చూశాను. నడుమ ఇంకా గడ్డకట్టకుండా నల్లగా ఉంది.

వెనక్కి తిరిగితే గట్టు మీద ఆయ్లి, చేతిలో నా మఫ్లరు. మెడ బెజ్జానికి చల్లగాలి తగలకుండా చుట్టింది. నా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా వదల్లేదు. పెళ్ళినాడు కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

6 డిసెంబర్

ఏమీ లేదు.

9 డిసెంబర్

దేవా. ఇంతే వస్తోంది. దీనిలో అందం లేదు.

12 డిసెంబర్, శనివారం

సంతేరి వచ్చాడు. మధ్యాహ్నం. టోపీ తీసి గుమ్మంలో నిలబడ్డాడు, పొయ్యి వైపు చూస్తూ.

"దేవుని సమాధానం," అన్నాడు.

పదకొండేళ్ళు. దానికి జవాబు చెప్పాలి, చెప్పకపోతే తలుపు మూసినట్టు. నోరు కదిపాను. మెడలోంచి గాలి మాత్రం వచ్చింది. ఆయ్లి పాలు తేవాలని చెప్పి కోటు వేసుకుని వెళ్ళిపోయింది. పాలు రెండు సీసాలు ఉన్నాయి ఇంట్లో.

సంతేరి కూర్చున్నాడు. చాలాసేపు మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాన్రా," అన్నాడు.

నేను పలక అందుకోబోయాను.

"ఆగు, నన్ను చెప్పనీ. ఎన్నాళ్ళకి నువ్వు అడ్డురాకుండా చెప్పే అవకాశం వచ్చింది నాకు. బస్సు రోజు గదా, వీడు సెలవు తీసుకోవడానికి వస్తాడు, మళ్ళీ ఆ దిక్కుమాలిన గడియారం కథ చెప్తాడు అనుకున్నా. ఆ రోజు అది వినే ఓపిక లేదు నాకు. నీ మొహం చూసే ఓపిక కూడా లేదు. చీపురు బయట పెట్టేసి, వెనక కొట్టం తలుపులోంచి వంటింట్లోకి వచ్చా. ముందు తలుపు దగ్గర బూట్లు విప్పుతూ ఉన్నా. ఇంత మందం చెక్క, అంతే మనకి అడ్డం."

వేళ్ళతో చూపించాడు.

"మొత్తం విన్నా. దుప్పటి మీద కాఫీ కూడా. ఆ మరక ఇప్పటికీ ఉంది. నువ్వు చీపురు మళ్ళీ నిలబెట్టావు చూడు, అప్పుడు తలుపు తీద్దామనుకున్నా. చెయ్యి రాలేదు. నలభై రోజులు పట్టింది నాకు పొలం దాటడానికి."

పలక మీద రాశాను: కోపమా?

"కోపమే. పోయిందనుకోకు. సైమి పెట్టె దగ్గర నేనొక్కణ్ణీ పాడిన పాటకి కోపం ఎక్కడికి పోతుంది? నీ కమిటీని, నిన్ను... అది ఉంటుంది. కానీ కోపం పోయాకే పలకాలని ఎక్కడ రాసుందో నాకు దొరకలేదు. వెతికా."

తర్వాత అన్నాడు, "నేను కట్టబడినవాణ్ణి గదా. నేను పలికితే చెల్లదంటారు మీ వాళ్ళు."

పలక తుడిచి రాశాను: చెప్పు.

లేచి వచ్చి మెడ చుట్టూ చెయ్యి వేశాడు, బెజ్జానికి తగలకుండా, భుజం మీదుగా. పదకొండేళ్ళు వాడని మాటలు, వరస మరిచిపోయాడు. "యేసు రక్తంలో... నామంలో... ఆయన నామంలో, రక్తంలో, నీ పాపాలు... అన్నీ రా, ఆ కుర్చీ కూడా... క్షమించబడ్డాయి. నమ్ము." చేపల వాసన వేస్తున్నాడు.

నేను ఎంత ఏడ్చానో రాయను. శబ్దం రాకుండా ఏడవడం ఎలాగో ఇంకా చేతకాలేదు.

"ఇప్పుడు నువ్వు," అన్నాడు. "చీపురుతో అబద్ధమాడా. డెబ్బై ఐదేళ్ళలో ఇంట్లో ఉండి చీపురు పెట్టడం అదే మొదలు. దానికి నువ్వు పలకాలి."

పెదవులతో పలికాను, మొదటి నుంచి చివరి దాకా, వరస తప్పకుండా. అతను నా మెడ మఫ్లరు మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. ఊపిరి తగులుతూ ఉందేమో.

"సరే. వచ్చింది," అన్నాడు.

13 డిసెంబర్

'చెల్లదు,' అంటున్నాడు అవతలివాడు పొద్దున్నుంచీ. 'కట్టబడినవాడు ఇంకొకడిని విప్పలేడు. నిబంధన చూడు. విల్యామిని అడుగు.' పాయింటు పాయింటుకీ గట్టి జవాబులు తయారయ్యాయి నా దగ్గర. నోరు తెరిచాను. గొంతు లేదు. మూసుకున్నాను.

పదకొండేళ్ళుగా వాడితో వాదించాను. ఒక్కసారి గెలవలేదు.

చెల్లుతుందో లేదో నాకు తెలియదు. తెలియకుండానే మధ్యాహ్నం నిద్రపోయాను.

27 డిసెంబర్

నమ్మడం రాలేదు ఇవాళ. ఎర్ర కుర్చీ, వదిన దగ్గు. పలక మీద అన్న చెప్పిన మాటలు రాసుకున్నాను, అతను తడబడ్డట్టే. ఆయ్లి చూసి, తుడవకుండా గోడకి తగిలించింది.

10 జనవరి 1988, ఆదివారం

మైనస్ ఇరవై. సంతేరి ఇంటికి నడిచి వెళ్ళాను. మెట్ల మీద మంచు ఊడుస్తున్నాడు. చీపురు నా చేతికి ఇచ్చి లోపలికి పోయాడు. బూట్ల మీద మంచు దులుపుకుని, చీపురు పక్కన గోడకి ఆనించి, నేనూ లోపలికి వెళ్ళాను.